వెబ్ పేజీకి టైటిల్: ఉన్న దారుల్లో ఏది, ఎప్పుడు?

ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎందుకు త్వరగా అయిపోతుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో వివరించే పేజీ ఒకటి ఉందనుకుందాం. సెర్చ్ ఫలితాల్లో పెద్ద అక్షరాలతో కనిపించే ఆ ఒక్క లైను కోసం ఐదు టైటిళ్లు రాసి పక్కపక్కన పెడదాం.

1. హోమ్ - టెక్ వ్యాసాలు - ల్యాప్‌టాప్
2. ల్యాప్‌టాప్ బ్యాటరీ, బ్యాటరీ సమస్య, బ్యాటరీ చిట్కాలు, బ్యాటరీ లైఫ్
3. ఈ ఒక్క సెట్టింగ్ మార్చండి, మీ ల్యాప్‌టాప్ చూసి మీరే ఆశ్చర్యపోతారు!
4. ల్యాప్‌టాప్ బ్యాటరీ త్వరగా అయిపోతోందా? 7 కారణాలు, పరిష్కారాలు
5. ల్యాప్‌టాప్ బ్యాటరీ త్వరగా అయిపోవడానికి కారణాలు

మొదటిది సైట్‌లో ఆ పేజీ ఎక్కడుందో చెబుతుంది, పేజీలో ఏముందో చెప్పదు. రెండోది వాక్యం కాదు, మాటల కుప్ప. ఒకే మాటను తిప్పి తిప్పి పెడితే ర్యాంకు పెరుగుతుందన్న నమ్మకం ఇంకా పోలేదు. కానీ గూగుల్ తన మార్గదర్శకాల్లో చేయొద్దని నేరుగా చెప్పిన పనుల్లో ఇదొకటి. చూసినవాళ్లు కూడా స్పామ్ అనుకుని దాటేస్తారు. మూడోదానిలో అసలు బ్యాటరీ అన్న మాటే లేదు. బ్యాటరీ గురించి వెతికేవాళ్లకు ఆ పేజీ తమ కోసమేనని తెలిసే దారి లేదు. పైగా పేజీలో ఏడు కారణాలుంటే టైటిల్ ఒక్క సెట్టింగ్ అంటోంది. ఆశపడి వచ్చినవాళ్లు అది కనపడక వెంటనే వెనక్కి పోతారు.

నిజమైన పోటీ 4, 5 మధ్యే. పేజీలో పరిష్కారాలు కూడా ఉంటే 5వది సగం సరుకును దాచేస్తోంది, కాబట్టి 4వది మేలు. పేజీలో కారణాలు మాత్రమే ఉంటే 4వది అబద్ధం అవుతుంది, 5వదే సరైనది. రెండింటిలో ఏది "బాగుంది" అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. పేజీ మొదట్నుంచి చివరిదాకా ఒకసారి చదివి, అందులో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేది ఏదో చూస్తే ఎంపిక దానంతటదే తేలుతుంది. కింద చెప్పే ప్రతి ఎంపికకూ ఇదే తూకం.

ముందు ఏ మాట రావాలి

విషయాన్ని ముందు పెట్టడం ఒక దారి, సైట్ పేరును ముందు పెట్టడం ఇంకో దారి. హోమ్ పేజీకి సైట్ పేరు ముందుండాలి, ఎందుకంటే అక్కడికి వచ్చేవాళ్లు ఆ పేరుతోనే వెతుకుతారు. లాగిన్ పేజీ, సంప్రదించే పేజీ కూడా అంతే. మిగతా అన్నిటికీ విషయమే ముందు. ఫలితాల జాబితాను ఎవరూ పూర్తిగా చదవరు, ఎడమ అంచు వెంట కిందికి చూపు జార్చుకుంటూ పోతారు. పది ట్యాబ్‌లు తెరిచి ఉన్న బ్రౌజర్‌లోనూ ప్రతి టైటిల్‌లో మొదటి కొన్ని అక్షరాలే కనిపిస్తాయి.

సైట్ పేరును చివర పెట్టాలా, పూర్తిగా తీసేయాలా అన్నది వేరే సంగతి. గూగుల్ 2022 అక్టోబరులో మొబైల్ ఫలితాల్లో సైట్ పేరును టైటిల్ పైన విడిగా చూపించడం మొదలుపెట్టింది, తర్వాత డెస్క్‌టాప్‌కూ తెచ్చింది. కాబట్టి టైటిల్ ఇప్పటికే పొడవుగా ఉంటే సైట్ పేరు తీసేసినా నష్టం లేదు. జనానికి బాగా తెలిసిన, పేరు చూస్తేనే నమ్మి నొక్కే సైట్ అయితే చివర ఉంచండి. మధ్యలో నిలువు గీత పెట్టినా అడ్డగీత పెట్టినా తేడా ఏమీ ఉండదు. సైట్ మొత్తం ఒకటే వాడితే చాలు.

పొడవు: తెలుగులో 60 లెక్క పనిచేయదు

టైటిల్ 60 అక్షరాలు దాటకూడదన్న మాట అన్నిచోట్లా వినిపిస్తుంది. అది ఇంగ్లిష్ అక్షరాలను బట్టి వేసిన అంచనా. గూగుల్ అయితే టైటిల్‌కు పొడవు పరిమితే లేదంటుంది. ఫలితాల్లో చూపించేటప్పుడు మాత్రం తెర వెడల్పుకు సరిపడా కత్తిరిస్తుంది. డెస్క్‌టాప్‌లో ఆ వెడల్పు సుమారు 600 పిక్సెళ్లు. కత్తెర పడేది వెడల్పును బట్టే, అక్షరాల సంఖ్యను బట్టి కాదు.

ఈ తేడా తెలుగులో చాలా పెద్దది. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. "ల్యాప్‌టాప్" కంటికి నాలుగు అక్షరాలు, లెక్కలో పదకొండు గుర్తులు. అందులో ఒకటి అసలు కంటికే కనపడదు: ప పొల్లుకు కింద ట ఒత్తు పడిపోకుండా అడ్డుపడే గుర్తు. ఇలా లెక్కిస్తే మన 4వ టైటిల్ 61 గుర్తులకు చేరుతుంది. కొన్ని ఎస్ఈఓ ప్లగిన్‌లు (సెర్చ్‌లో పేజీ బాగా కనిపించేలా సాయపడేందుకు సైట్‌కు జోడించే చిన్న ప్రోగ్రామ్‌లు) గుర్తులనే లెక్కపెట్టి "మరీ పొడవు" అని ఎర్ర రంగు చూపిస్తాయి. కంటితో లెక్కపెడితే అందులో ఉన్నవి 24 అక్షరాలు, ఒక అంకె. ఒత్తులు చాలావరకు కిందికి దిగుతాయి కాబట్టి వెడల్పు పెద్దగా పెరగదు. 600 పిక్సెళ్లలో ఆ టైటిల్ హాయిగా పడుతుంది. ప్లగిన్ ఎరుపు చూసి "పరిష్కారాలు" కొట్టేసినవాళ్లు తమ పేజీలో ఉన్న మంచి భాగాన్ని తామే దాచేసుకున్నట్టు.

కొలవాలంటే ఇలా చేయండి. ఒక ఖాళీ పేజీలో 600 పిక్సెళ్ల వెడల్పున్న డబ్బా పెట్టి, 20 పిక్సెళ్ల అక్షరాలతో టైటిల్‌ను లైను విరగకుండా రాసి చూడండి. డబ్బా దాటితే కోతపడే అవకాశం ఉంది. ఫోన్‌లో టైటిల్ రెండు లైన్లలోకి దిగుతుంది కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువే పడుతుంది. కొలిచే ఓపిక లేకపోతే ఒక పని చేయండి: అసలు విషయం మొదటి 20, 25 అక్షరాల్లో వచ్చేలా రాసి, కోతపడినా ఫరవాలేని మాటలను చివరికి నెట్టండి.

కోత గురించి తెలుగులో రాసేవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాదు, వద్దు, కూడదు అన్నవి ఆ క్రియకు కూడా చివర వస్తాయి. "నీళ్లలో పడి తడిసిపోయిన మొబైల్ ఫోన్‌ను బయటికి తీసిన వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకూడదు" అన్న టైటిల్ కోతపడి "ఛార్జింగ్‌కు..." దగ్గర ఆగిందనుకోండి. ఫలితాల్లో చదివినవాళ్లకు సరిగ్గా వ్యతిరేకమైన సలహా అందుతుంది. హెచ్చరిక చెప్పే పేజీలకు క్రియతో ముగిసే పొడవాటి వాక్యం వాడకండి. "తడిసిన ఫోన్: వెంటనే చేయకూడని పనులు" అంటే నిషేధం ముందుకొచ్చింది, పొడవూ తగ్గింది.

ఏ లిపిలో రాయాలి

తెలుగు పేజీలు పెట్టేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మూడు దారులున్నాయి: టైటిల్ మొత్తం తెలుగు లిపిలో రాయడం, ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం, సగం అలా సగం ఇలా రాసి చివర "ఇన్ తెలుగు" అని తగిలించడం.

మూడో దారి చాలా సైట్లలో కనిపిస్తుంది. దాని వెనక ఆలోచన అర్థం చేసుకోదగ్గదే. ఫోన్‌లో తెలుగు కీబోర్డు వాడనివాళ్లు ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు టైప్ చేస్తారు, వాళ్లనూ అందుకోవాలని రెండూ ఇరికిస్తారు. కానీ 2022 జూన్‌లో గూగుల్ ఒక మార్పు ప్రకటించింది. పేజీలోని వ్యాసం ఒక భాషలో లేదా లిపిలో ఉండి టైటిల్ మరోదానిలో ఉంటే, వ్యాసం భాషకు సరిపోయే టైటిల్‌ను తానే వేరుగా తయారుచేయవచ్చు అన్నది దాని సారాంశం. అంటే వ్యాసం మొత్తం తెలుగు లిపిలో ఉన్నప్పుడు ఇంగ్లిష్ అక్షరాల టైటిల్ పెడితే, దాన్ని పక్కకు నెట్టి పేజీలోని హెడ్డింగును చూపించే అవకాశం పెరుగుతుంది. రెండు లిపుల టైటిల్‌తో ఇంకో నష్టం కూడా ఉంది: ఒకే మాటను రెండుసార్లు రాయడంతో సగం చోటు పోతుంది, అసలు విషయం కోతకు గురవుతుంది.

అందుకని వ్యాసం ఏ లిపిలో ఉంటే టైటిల్ ఆ లిపిలోనే ఉంచండి. ఒక మినహాయింపు: ఎర్రర్ కోడ్‌లు, మోడల్ నంబర్లు, ప్రోగ్రామింగ్ కమాండ్‌లను ఎవరూ తెలుగు లిపిలో టైప్ చేయరు. తెరమీద కనిపించినదాన్ని కనిపించినట్టే కాపీ చేసి వెతుకుతారు. అలాంటివి మాత్రం టైటిల్‌లో కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, చుట్టూ ఉన్న మాటలు తెలుగులో ఉంటే చాలు.

ఇక తెలుగు లిపిలోనే ఒక మాటకు నాలుగు రూపాలుంటాయి. ల్యాప్‌టాప్, ల్యాప్ టాప్, లాప్‌టాప్, ల్యాప్టాప్. నాలుగూ టైటిల్‌లో కుక్కడం పనికిమాలిన పని. సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం) జనం ఏ మాటలతో వెతికినప్పుడు ఆ పేజీ కనిపిస్తోందో చూస్తే ఏ రూపం ఎక్కువగా వాడుతున్నారో తెలుస్తుంది, దాన్నే టైటిల్‌కు తీసుకోండి. మిగతా రూపాలు వ్యాసంలో సహజంగా ఒకటి రెండు చోట్ల వస్తే చాలు. అచ్చతెలుగు మాటా, వాడుకలో ఉన్న ఇంగ్లిష్ మాటా అన్న ప్రశ్నకూ ఇదే జవాబు. జనం వెతికే మాట గెలుస్తుంది. ఎంత అందమైన అనువాదమైనా ఎవరూ టైప్ చేయకపోతే అది వ్యాసంలో ఉండాలి, టైటిల్‌లో కాదు.

ప్రశ్నా, ప్రకటనా

ఇబ్బందిలో ఉండి వెతికేవాళ్లకు ప్రశ్న రూపం బాగా పనిచేస్తుంది. "త్వరగా అయిపోతోందా?" అన్నది వాళ్ల మనసులో ఉన్న మాటే. కొనడానికి వచ్చేవాళ్లకు, ఒక నిర్వచనం కోసం వచ్చేవాళ్లకు ప్రశ్న అవసరం లేదు, సూటిగా చెబితే సరిపోతుంది. ప్రశ్న పెడితే ఒక షరతు ఉంది: జవాబు పేజీలో పైభాగంలోనే దొరకాలి.

సంఖ్యలు, సంవత్సరం

"7 కారణాలు" అని రాస్తే పేజీలో ఏడు ఉండాలి. తర్వాత ఒకటి తీసేస్తే టైటిల్ కూడా మార్చాలి. ఇది అందరూ మరచిపోయేదే కాబట్టి, తరచూ దిద్దే పేజీలకు సంఖ్య పెట్టకపోవడమే మంచిది.

సంవత్సరం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఏటా మారే నిబంధనలు, ఏటా వచ్చే మోడళ్ల పోలికలు అయితే సంవత్సరం పెట్టడం న్యాయం. సైకిల్ టైరుకు పంక్చర్ వేసే పద్ధతికి సంవత్సరంతో పనిలేదు. కొత్త ఏడాది రాగానే టైటిల్‌లో అంకె ఒక్కటే మార్చి వ్యాసాన్ని ముట్టుకోకపోవడం చదివేవాళ్లను మోసం చేయడమే. ఇక తరచూ జరిగే పొరపాటు దీనికి తలకిందులుగా ఉంటుంది: వ్యాసం, హెడ్డింగు కొత్త ఏడాదికి మారుతాయి, పేజీ కోడ్‌లో టైటిల్ రాసే చోటైన టైటిల్ ట్యాగ్‌లో మాత్రం పాత ఏడాది ఉండిపోతుంది. అలాంటప్పుడు గూగుల్ హెడ్డింగులోని ఏడాదిని తీసుకుని టైటిల్‌ను దిద్ది చూపించవచ్చు.

టైటిల్ ట్యాగ్, హెచ్1, షేర్ టైటిల్: ఒకటేనా, వేరువేరా

టైటిల్ ట్యాగ్ సెర్చ్ ఫలితాలకు, బ్రౌజర్ ట్యాబ్‌కు. హెచ్1 పేజీ తెరిచినవాళ్లకు కనిపించే పెద్ద హెడ్డింగు. షేర్ చేసినప్పుడు వచ్చే కార్డులో కనిపించేది ఓజీ టైటిల్. మూడూ ఒకటే పెట్టడం సులభం, చిన్న సైట్లకు అదే చాలు. వేరుగా పెట్టాలనుకుంటే పని పంచండి. టైటిల్ ట్యాగ్‌లో సూటి మాట, హెచ్1లో కాస్త వివరం, ఓజీ టైటిల్‌లో కాస్త చురుకు. మెసేజ్‌లో వచ్చిన లింకును చూసేవాళ్లు ఏమీ వెతకడం లేదు కాబట్టి అక్కడ ఆసక్తి రేపే మాటకు చోటుంది. కానీ మూడూ ఒకే విషయం చెప్పాలి. గూగుల్ తాను చూపించే టైటిల్ కోసం హెచ్1ను, ఓజీ టైటిల్‌ను, ఆ పేజీకి వచ్చే లింకుల్లోని మాటలను కూడా చూస్తుంది. మూడు చోట్లా మూడు విషయాలుంటే ఏది ఎంచుకుంటుందో మీ చేతిలో ఉండదు.

సైట్‌ను వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో నడిపేవాళ్లకు ఒక మాట. తెలుగు టైటిల్ నుంచి పేజీ చిరునామా (యూఆర్‌ఎల్) దానంతటదే తయారవుతుంది. అందులో ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది ఇంగ్లిష్ అక్షరాల పొడవు తీసుకుంటుంది, మొత్తం పరిమితి 200. అంటే ఇరవై రెండు గుర్తుల దగ్గర చిరునామా తెగిపోతుంది. ప్రచురించే ముందే దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు మాటలతో చేత్తో రాసేయండి.

ఒక్కొక్కటీ రాయడమా, మూస పెట్టడమా

వంద పేజీల్లోపు సైట్ అయితే ప్రతి టైటిల్ చేత్తోనే రాయాలి, రెండో మాట లేదు. వేల వస్తువులున్న దుకాణానికి మూస (టెంప్లేట్) తప్పదు. మంచి మూసలో మూడు భాగాలుంటాయి: వస్తువు పేరు, పక్క వస్తువుతో దానికి తేడా చూపించే గుణం, చివర సైట్ పేరు. చాలామంది రెండో భాగం మరచిపోతారు. నీలం రంగుదీ ఎరుపు రంగుదీ, చిన్న సైజుదీ పెద్దదీ ఒకే టైటిల్‌తో వచ్చేస్తాయి. ఫలితాల్లో ఆరు లైన్లు ఒకేలా కనిపిస్తే ఎవరు ఏది నొక్కాలి? జాబితా పేజీలకూ అంతే, రెండో పేజీ నుంచి "పేజీ 2", "పేజీ 3" అని చేర్చండి.

మూసతో వచ్చే ఇంకో చిక్కు: డేటాబేస్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే టైటిల్ " | సైట్ పేరు" అని సగం ఖాళీగా బయటికొస్తుంది. గడి ఖాళీ అయితే దాని బదులు ఏం రావాలో మూసలోనే రాసిపెట్టాలి. మూస పెట్టుకున్నా, ఎక్కువ మంది వచ్చే ఒక యాభై పేజీలకు మాత్రం చేత్తో రాసిన టైటిల్ ఉండాలి.

మీరు రాసినదాన్ని కాకుండా గూగుల్ వేరేది చూపిస్తుంటే

2021 ఆగస్టులో గూగుల్ టైటిళ్లు తయారుచేసే పద్ధతి మార్చింది. ఆ సెప్టెంబరులో చెప్పిన లెక్క ప్రకారం అప్పట్లో 87 శాతం సందర్భాల్లో టైటిల్ ట్యాగ్‌నే వాడేది. మీ పేజీ మిగతావాటిలో పడితే కోపం తెచ్చుకోకుండా ఈ వరుసలో వెతకండి.

ముందు పేజీ సోర్స్ తెరిచి టైటిల్ ట్యాగ్ ఎన్నిసార్లు ఉందో చూడండి. థీమ్ ఒకటి, ప్లగిన్ ఒకటి రాసి రెండు టైటిళ్లు ఉండటం మామూలే. తర్వాత పేజీ కోడ్ మొదట్లో ఉండే హెడ్ భాగంలో బొమ్మ ట్యాగ్ గానీ, డివ్ (పేజీని భాగాలుగా విడదీసే ట్యాగ్) గానీ పొరపాటున దూరిందేమో చూడండి. అక్కడ ఉండకూడని ట్యాగ్ కనిపిస్తే హెడ్ అక్కడితో ముగిసిందని అనుకుని, దాని తర్వాత ఉన్నవాటిని గూగుల్ పట్టించుకోదు. టైటిల్ దాని కిందుంటే లేనట్టే. అందుకే టైటిల్‌ను హెడ్‌లో వీలైనంత పైన ఉంచాలి. ఆ తర్వాత, ఏ పేజీలు చదవొద్దో సెర్చ్ ఇంజన్లకు చెప్పే రోబోట్స్ ఫైల్ ఆ పేజీని అడ్డుకుంటోందేమో చూడండి. అడ్డుకుంటే గూగుల్ మీ టైటిల్ చదవనే లేదు, బయటి లింకుల్లోని మాటలతో సరిపెడుతోంది. ఇవేవీ కాకపోతే లిపి తేడా, హెచ్1తో తేడా, ఒకే టైటిల్ చాలా పేజీలకు ఉండటం, ఈ మూడింటిలో ఒకటి అయి ఉంటుంది.

ఒక్కోసారి గూగుల్ చూపించేదే మీదానికన్నా బాగుంటుంది. అప్పుడు దాన్నే మీ టైటిల్‌గా పెట్టేసుకోండి.

పాత టైటిల్ మార్చాలా, వదిలేయాలా

సెర్చ్ కన్సోల్‌లో పనితీరు రిపోర్టు తెరిచి, ఒక్క పేజీకి ఫిల్టర్ పెట్టి, నాలుగు అంకెలు చూడండి: ఎన్నిసార్లు కనిపించింది, ఎన్ని క్లిక్కులు, క్లిక్ శాతం, సగటు స్థానం. మొదటి మూడు స్థానాల్లో ఉండి క్లిక్కులు బాగా వస్తున్న పేజీని కదిలించకండి. మొదటి పేజీలోనే ఉండి, చాలామందికి కనిపిస్తూ, క్లిక్కులు మాత్రం రానిది ఉంటే అదే మీ మొదటి పని. స్థానం 30, 40 దగ్గర ఉంటే లోపం టైటిల్‌లో కాదు, వ్యాసంలో వెతకాలి.

మార్చేటప్పుడు టైటిల్ ఒక్కటే మార్చండి. వ్యాసం, చిరునామా అలాగే ఉండనివ్వండి. చిరునామా మారిస్తే పాతదాని నుంచి కొత్తదానికి దారిమళ్లింపు (రీడైరెక్ట్) పెట్టాలి, ఫలితం దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేరు. తర్వాత సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్‌ఎల్ తనిఖీలో ఆ పేజీని మళ్లీ చూడమని కోరండి. ఫలితాల్లో కొత్త టైటిల్ కనిపించడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. లెక్క ఆ రోజు నుంచి మొదలుపెట్టాలి, మీరు మార్చిన రోజు నుంచి కాదు. 28 రోజులు గడిచాక అంతకుముందు 28 రోజులతో పోల్చండి. సగటు స్థానం 8 నుంచి 4కు ఎగబాకితే క్లిక్ శాతం దానివల్లే పెరుగుతుంది, ఆ ఘనత టైటిల్‌కు ఇవ్వకూడదు. స్థానం దాదాపు అలాగే ఉండి క్లిక్ శాతం పెరిగితేనే టైటిల్ పనిచేసినట్టు.

పాత టైటిల్‌ను, మార్చిన తేదీని ఒక షీట్‌లో రాసిపెట్టుకోండి. సెర్చ్ కన్సోల్ 16 నెలల అంకెలు భద్రంగా ఉంచుతుంది గానీ అప్పుడు మీ టైటిల్ ఏముందో ఉంచదు. కొత్తది పనిచేయకపోతే వెనక్కి వెళ్లడానికి ఆ షీట్ తప్ప మరో దారి ఉండదు.